పీఎస్పీలో హోమ్‌బ్రూ: సంతకం, అధికారం, చోటు

చేతిలో పట్టుకుని గేమ్‌లు ఆడుకునే సోనీ మెషీన్ పీఎస్పీ 2004 డిసెంబర్ 12న జపాన్‌లో విడుదలైంది. తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయినా దానికోసం ప్రోగ్రాములు రాసేవాళ్లు ఇంకా ఉన్నారు, రాసినవాటిని నడుపుకోవాలనుకునేవాళ్లు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. చిక్కంతా సూచనలతోనే. నెట్‌లో వెతికితే ఒకచోట "ముందు 1.50కి దించండి" అని ఉంటుంది. ఇంకోచోట "పండోరా బ్యాటరీ చేసుకోండి" అంటారు. మరోచోట "ఫైల్ కాపీ చేసి నొక్కితే చాలు" అని రాసి ఉంటుంది. ఇవన్నీ నిజాలే, కాకపోతే వేర్వేరు కాలాలవి. ఒక కాలం సూచనను మరో కాలం ఫర్మ్‌వేర్ (మెషీన్‌ను నడిపే సోనీ సాఫ్ట్‌వేర్; 1.50 లాంటివి దాని వెర్షన్ నంబర్లు) మీద ప్రయోగిస్తే ఎర్రర్ నంబర్ వస్తుంది. అదృష్టం బాగోకపోతే మెషీన్ అసలు ఆన్ కాకుండా పోతుంది.

ఏ గైడ్ చేతికొచ్చినా మూడు ప్రశ్నలు వేసుకుంటే ఈ గందరగోళం తేలిపోతుంది. ప్రోగ్రాం మీద సంతకం, అంటే సోనీ ఆమోదించిందని చూపే డిజిటల్ ముద్ర, ఉందా? నడిచేటప్పుడు దానికి ఎంత అధికారం ఉంటుంది? ఫర్మ్‌వేర్‌కు చేసిన మార్పు ఏ చోట నిలుస్తుంది: ఆపితే చెరిగిపోయే ర్యామ్‌లోనా, ఆపినా నిలిచే ఫ్లాష్ మెమరీలోనా, మెషీన్ లేవడం (బూట్) మొదలయ్యే చోటనా?

సంతకం సంగతి

సోనీ అనుమతి లేకుండా ఔత్సాహికులు రాసుకున్న ప్రోగ్రామే హోమ్‌బ్రూ. మెమరీ స్టిక్ నుంచి నడిచే ప్రతి ప్రోగ్రామూ ఈబూట్ డాట్ పీబీపీ అనే ఫైల్‌గా వస్తుంది. ఇది ఒక మూట. మొదట గుర్తు, తర్వాత ఎనిమిది భాగాలు ఎక్కడెక్కడ మొదలవుతాయో చెప్పే పట్టిక ఉంటాయి. పేరూ వివరాలూ ఉన్న పారామ్ ఫైల్, మెనూలో కనపడే 144×80 పిక్సెళ్ల ఐకాన్, వెనక కనపడే బొమ్మ, శబ్దం, చివరగా అసలు ప్రోగ్రాం, దాని డేటా ఆ మూటలో ఉంటాయి. ఆ అసలు ప్రోగ్రాంను పీఎస్పీలోని కిర్క్ అనే క్రిప్టో ఇంజిన్ (డిజిటల్ తాళాలు తీసే చిప్ భాగం) తెరుస్తుంది. సోనీ తాళంతో మూయని ప్రోగ్రాంను ఫర్మ్‌వేర్ నడపకూడదు. నియమం అదీ.

1.00 ఫర్మ్‌వేర్‌లో ఈ నియమం అమలు కాలేదు. సంతకం లేని ప్రోగ్రాం కూడా నేరుగా నడిచేది. 1.50లో తనిఖీ పెట్టారు గానీ, అందులో ఒక లొసుగు మిగిలింది: తనిఖీ చేసే ఫైలూ, నడిపే ఫైలూ ఒకటేనా అని ఫర్మ్‌వేర్ చూసుకోలేదు. మొదట్లో రెండు మెమరీ స్టిక్కులు పెట్టుకుని, లోడ్ అవుతున్న క్షణంలో ఒకటి తీసి ఇంకొకటి పెట్టేవాళ్లు. 2005 జూన్‌లో కేఎక్స్‌ప్లాయిట్ వచ్చాక ఆ అవస్థ తప్పింది. ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు, ఒకదాని పేరు చివర శాతం గుర్తు. ఒక ఫోల్డర్‌లో పైపై వివరాలు, రెండోదాంట్లో అసలు కోడ్. పాత హోమ్‌బ్రూ జిప్ ఫైళ్లలో ఇప్పటికీ ఈ జంట ఫోల్డర్లు కనపడతాయి. అవి 1.50 కాలానివని గుర్తుపట్టడానికి అంతకంటే మంచి ఆనవాలు లేదు.

ఆ తర్వాత నాలుగైదేళ్లు దొంగా పోలీసు ఆటే. 2.00లో టిఫ్ బొమ్మల లోపం, తర్వాత జీటీఏ లిబర్టీ సిటీ స్టోరీస్ సేవ్ ఫైల్, 2007లో లూమినెస్, 2009లో 5.03 మీద మళ్లీ టిఫ్ బొమ్మతోనే చికెన్, డెమో గేమ్‌ల మీద హాఫ్ బైట్ లోడర్. ఒక్కో ఫర్మ్‌వేర్‌కు ఒక్కో దారి. ఈ పేర్లలో ఏదైనా మీరు చదువుతున్న గైడ్‌లో ఉంటే దాన్ని చరిత్రగా చదువుకోండి, దాని ప్రకారం చేయకండి.

ఆట మలుపు తిరిగింది మాత్రం ప్లేస్టేషన్ 3 వల్ల. 2010 డిసెంబర్‌లో బెర్లిన్‌లో జరిగిన 27సీ3 సమావేశంలో ఫెయిల్‌ఓవర్‌ఫ్లో బృందం ఒక సంగతి బయటపెట్టింది. పీఎస్3 సంతకాల్లో ప్రతిసారీ మారాల్సిన యాదృచ్ఛిక సంఖ్యను సోనీ మార్చకుండా వాడుతోంది. అలా వాడితే రహస్య తాళాన్ని లెక్కకట్టి రాబట్టవచ్చు. పీఎస్3 తలుపులు తెరుచుకున్నాయి, దాని లోపల పీఎస్పీ ప్రోగ్రాములకు సంబంధించిన తాళాలు కూడా దొరికాయి. 2011 నుంచి ఎవరైనా తమ ప్రోగ్రాం మీద పీఎస్పీ నమ్మే సంతకం పెట్టుకోగలిగారు. అమ్ముడైపోయిన మెషీన్లలో ఆ తాళాన్ని మార్చే దారి సోనీకి లేదు. ఇప్పుడు 6.60, 6.61 ఫర్మ్‌వేర్ల మీద ఏ లోపాన్నీ వాడకుండానే సంతకమున్న హోమ్‌బ్రూ మెనూలోంచి నేరుగా మొదలవడానికి కారణం ఇదే.

అధికారం ఎంత

సంతకం ఉంటే ప్రోగ్రాం మొదలవుతుంది, అంతే. మొదలైనది పరిమిత అధికారాలుండే యూజర్ మోడ్‌లో ఉంటుంది. పీఎస్పీ-1000లో ఉన్న 32 ఎంబీ ర్యామ్‌లో యూజర్ ప్రోగ్రాముకు ఇచ్చేది 24 ఎంబీ, మిగతా 8 ఎంబీ, ఫర్మ్‌వేర్‌లో పూర్తి అధికారమున్న భాగమైన కెర్నెల్ ఆధీనంలో ఉంటుంది. యూజర్ మోడ్ ప్రోగ్రాం బొమ్మలు గీయగలదు, శబ్దం వినిపించగలదు, మెమరీ స్టిక్ మీద చదవగలదు, రాయగలదు. ఇంకో ప్రోగ్రాంకు సంతకం లేకపోయినా నడవనివ్వమని ఫర్మ్‌వేర్‌కు చెప్పే హక్కు దానికి లేదు. అది కెర్నెల్ పని.

అందుకే కస్టమ్ ఫర్మ్‌వేర్ (సోనీ ఫర్మ్‌వేర్‌కు ఔత్సాహికులు చేసిన సవరణ) రెండు అంచెల్లో పనిచేస్తుంది. సంతకమున్న చిన్న లోడర్ మామూలు గేమ్‌లాగా మొదలవుతుంది. 6.60, 6.61 కెర్నెల్‌లో మిగిలిపోయిన ఒక లోపాన్ని వాడుకుని కెర్నెల్ అధికారం సంపాదిస్తుంది. అప్పుడు సంతకం చూసే భాగాలను ర్యామ్‌లోనే సవరించి, మెనూను మళ్లీ లోడ్ చేస్తుంది. ఆ తర్వాత సంతకం లేని హోమ్‌బ్రూ కూడా నడుస్తుంది. 6.61 వచ్చింది 2015లో. పీఎస్పీకి సోనీ ఇచ్చిన చివరి ఫర్మ్‌వేర్ అదే. ఇకమీదట మారే అవకాశం లేదు కాబట్టి ఇప్పుడు నేర్చుకున్న పద్ధతి మళ్లీ పాతబడదు. గతంలో అందరూ ఫర్మ్‌వేర్ కిందకి దించుకునే తాపత్రయంలో ఉండేవారు. ఇప్పుడు చేయాల్సింది పైకి, 6.61కి తీసుకెళ్లడం.

ముందు మెషీన్, బ్యాటరీ, కార్డు

బ్యాటరీ తీసి చూస్తే ఆ అరలో మోడల్ నంబర్ ఉంటుంది: 1000, 2000, లేదా 3000 వరుస. ఈ1000 అనే మోడల్‌కు మాత్రం బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది. నంబర్ చివరి అంకె అమ్మిన ప్రాంతాన్ని చెబుతుంది, హోమ్‌బ్రూకు దాంతో పనిలేదు. పీఎస్పీ గోకు బ్యాటరీ అర ఉండదు, స్క్రీన్ పైకి జరుగుతుంది కాబట్టి చూడగానే తెలుస్తుంది. 1000లో 32 ఎంబీ ర్యామ్, 2000 నుంచి 64 ఎంబీ. ఈ1000లో వైఫై లేదు.

పాత పీఎస్పీ కొనేటప్పుడు స్క్రీన్ కన్నా ముందు బ్యాటరీ మూత చూడండి. మూత సరిగా కూర్చోకుండా మధ్యలో లేచి ఉంటే లోపల బ్యాటరీ ఉబ్బిందన్నమాట. దాన్ని వాడకండి, నొక్కి మూత బిగించకండి, గుచ్చకండి. ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయండి. 1000కు అసలు బ్యాటరీ 1800 ఎంఏహెచ్, 2000కూ 3000కూ 1200 ఎంఏహెచ్. సన్నటి మోడల్‌కు సరిపోయే అదే సైజు బ్యాటరీ మీద 3600 అని అచ్చేసి ఉంటే ఆ అంకెను నమ్మకండి. ఛార్జర్ 5 వోల్టులది. 1000 మోడల్ యూఎస్‌బీ మీద ఛార్జ్ కాదు. 2000, 3000 అవుతాయి గానీ సిస్టమ్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ ఛార్జ్ ఆన్ చేయాలి.

బ్యాటరీ గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. సోనీ అప్‌డేటర్, బ్యాటరీలో తగినంత ఛార్జ్ ఉండి ఛార్జర్ కూడా తగిలించి ఉంటేనే మొదలవుతుంది. చచ్చిన బ్యాటరీ పెట్టుకుని ఛార్జర్ ఒక్కదాని మీద నెట్టుకొచ్చేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. ఆ నిబంధన మంచికే పెట్టారు: ఫ్లాష్ మీద రాస్తుండగా కరెంటు పోతే మెషీన్ పోయినట్టే. మన ఊళ్లలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి మంచి బ్యాటరీ లేకుండా ఫ్లాష్ జోలికి పోకపోవడమే క్షేమం.

ఇక కార్డు. పీఎస్పీకి మెమరీ స్టిక్ ప్రో డ్యూయో కావాలి. పీఎస్పీ గోకు 16 జీబీ లోపలే ఉంటుంది, బయట పెట్టుకునేది ఎం2 అనే చిన్న కార్డు. అసలైన ప్రో డ్యూయో కార్డులు ఇప్పుడు అరుదు, దొరికినా నకిలీలు ఎక్కువ. మైక్రోఎస్డీ పెట్టుకునే అడాప్టర్ కొనడమే నయం. ఒక్క కార్డు పట్టేదే తీసుకోండి. రెండు కార్డులు పట్టే అడాప్టర్ డేటాను రెంటిమీదా ముక్కలుగా పంచుతుంది. ఒకటి పాడైతే రెండోదీ పోయినట్టే, పైగా కార్డు బయటకు తీసి కంప్యూటర్‌లో పెడితే ఏమీ చదవలేరు.

ఫార్మాట్ దగ్గర చాలామంది పొరపడతారు. పీఎస్పీకి ఫ్యాట్32 తెలుసు, ఎక్స్‌ఫ్యాట్ తెలియదు. 64 జీబీ, అంతకు మించిన మైక్రోఎస్డీలు షాపులోంచే ఎక్స్‌ఫ్యాట్‌తో వస్తాయి. విండోస్ మామూలు ఫార్మాట్ కిటికీ 32 జీబీ దాటిన కార్డుకు ఫ్యాట్32 ఎంపిక చూపించకుండానే ఏళ్ల తరబడి ఉంది. సులువైన మార్గం పీఎస్పీలోనే ఫార్మాట్ చేయడం: సెట్టింగ్స్, సిస్టమ్ సెట్టింగ్స్, ఫార్మాట్ మెమరీ స్టిక్. దీనివల్ల కావలసిన ఫోల్డర్లు కూడా దానంతటదే తయారవుతాయి. కొత్త కార్డు అయితే అంతకంటే ముందు కంప్యూటర్‌లో పెట్టి, విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో, లినక్స్‌లో ఎఫ్3తో చివరిదాకా రాసి చదివించండి. 64 అని రాసి లోపల 8 మాత్రమే ఉన్న కార్డు మొదటి వారం బాగానే నడుస్తుంది. నిండేకొద్దీ ఫైళ్లు పాడవుతాయి. అప్పుడు తప్పు హోమ్‌బ్రూదేనని అనుకుంటారు.

ఎక్కించే వరుస

ముందు ఏ ఫర్మ్‌వేర్ ఉందో చూడండి: సెట్టింగ్స్, సిస్టమ్ సెట్టింగ్స్, సిస్టమ్ ఇన్ఫర్మేషన్. 6.60 గానీ 6.61 గానీ ఉంటే అప్‌డేట్ అక్కర్లేదు. అక్కడ అంకె పక్కన ఇంకేదైనా పేరు ఉంటే, పాత యజమాని అప్పటికే కస్టమ్ ఫర్మ్‌వేర్ వేశాడన్నమాట. అది ఏ రకమో తెలుసుకోకుండా దానిమీద ఇంకొకటి వేయకండి.

అంతకంటే పాతది ఉంటే సోనీ అధికారిక 6.61 అప్‌డేట్ ఫైల్ తీసుకోండి. 1000, 2000, 3000, ఈ1000లకు ఒక ఫైల్, పీఎస్పీ గోకు వేరే ఫైల్. గోకు దాని సొంత కేబుల్ కావాలి, మిగతావాటికి కేబుల్ మినీ యూఎస్‌బీది. ఇప్పటి ఫోన్ల టైప్-సీ గానీ, పాత ఫోన్ల మైక్రో గానీ పట్టదు. కొన్ని మినీ కేబుళ్లు ఛార్జింగ్‌కే పనికొస్తాయి, డేటా తీగ ఉండదు. పీఎస్పీలో యూఎస్‌బీ కనెక్షన్ నొక్కినా కంప్యూటర్‌లో డ్రైవ్ కనపడకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. వైఫై మీద దించుకోవాలన్న ఆలోచన వదిలేయండి. ఇందులో ఉన్నది 802.11బి మాత్రమే, డబ్ల్యూపీఏ2 దానికి రాదు, ఇప్పటి ఇంటి రూటర్లు చాలావరకు దాన్ని రానివ్వవు.

ఫోల్డర్ల పేర్లు కార్డు మీద ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనే ఉంటాయి. కార్డు మొదట్లో పీఎస్పీ అనే ఫోల్డర్, దానిలో గేమ్. అందులో అప్‌డేట్ అనే ఫోల్డర్ చేసి, ఈబూట్ ఫైల్‌ను అక్కడ పెట్టండి. ఛార్జర్ తగిలించి, గేమ్ మెనూలో మెమరీ స్టిక్ కింద కనపడే అప్‌డేట్‌ను నడపండి. అయ్యేదాకా చేయి పెట్టకండి. తానే మళ్లీ మొదలయ్యాక సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో 6.61 కనపడాలి.

కస్టమ్ ఫర్మ్‌వేర్‌లలో ఇప్పుడు ఎంచుకోదగినది ఏఆర్‌కే-4. ప్రో, ఎల్ఎంఈ వంటి పాతవీ 6.60, 6.61 మీద పనిచేస్తాయి. కానీ ఇంకా మరమ్మతులు జరుగుతున్నది, తప్పులు దిద్దుతున్నది దీనిలోనే. దాని జిప్ విప్పితే చాలా ఫోల్డర్లు కనపడతాయి. వాటిలో మొదట కావలసినవి రెండే. ఏఆర్‌కే అండర్‌స్కోర్ 01234 అన్న ఫోల్డర్‌ను పీఎస్పీ లోపలి సేవ్‌డేటాలో పెట్టాలి. ఏఆర్‌కే అండర్‌స్కోర్ లోడర్ అన్న ఫోల్డర్‌ను గేమ్‌లో పెట్టాలి. కెర్నెల్ సవరణలన్నీ మొదటిదాంట్లో ఉంటాయి, రెండోది వాటిని పిలిచే సంతకమున్న ప్రోగ్రాం. రెంటినీ ఒకేచోట పెట్టేసి లోడర్ పనిచేయడం లేదనుకోవడం చాలా మామూలుగా జరిగే తప్పు.

లోడర్ నడపగానే నల్ల తెర మీద కొన్ని అక్షరాలు కనపడి, మెనూ మళ్లీ వస్తుంది. పైకి ఏమీ మారినట్టు ఉండదు. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో 6.61 పక్కన ఏఆర్‌కే-4 అని కనపడితే పని అయినట్టు. సెలెక్ట్ నొక్కితే చిన్న మెనూ ఒకటి తెరుచుకోవాలి, అది రెండో రుజువు. ఎప్పుడైనా తెర నల్లగానే నిలిచిపోతే పవర్ స్విచ్‌ను పైకి పట్టి ఉంచి పూర్తిగా ఆపి, మళ్లీ ప్రయత్నించండి. ఈ దశలో ఫ్లాష్ మీద ఏమీ రాయలేదు కాబట్టి నష్టం లేదు.

మార్పు నిలిచే చోటు

అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. పీఎస్పీ మొదలయ్యే వరుస ఇలా ఉంటుంది. ప్రాసెసర్ లోపల మార్చడానికి వీల్లేకుండా కాల్చి పెట్టిన చిన్న రోమ్ ముందు లేస్తుంది, దాన్ని ప్రీ-ఐపీఎల్ అంటారు. అది ఫ్లాష్ చిప్‌లోని ఐపీఎల్‌ను (ఫర్మ్‌వేర్‌ను లేపే తొలి ప్రోగ్రాంను) సరిచూసి నడుపుతుంది. ఐపీఎల్ ఫ్లాష్‌లో ఫ్లాష్0 అనే భాగంలోని కెర్నెల్ ఫైళ్లను తెస్తుంది. చివరికి మెనూ వస్తుంది.

లోడర్‌తో వేసినది ఈ వరుసలో దేనినీ తాకదు, ర్యామ్‌లో మాత్రమే ఉంటుంది. పవర్ స్విచ్‌ను ఒకసారి తోసి వదిలితే మెషీన్ నిద్రపోతుంది, ర్యామ్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది, కస్టమ్ ఫర్మ్‌వేర్ నిలుస్తుంది. స్విచ్ పట్టి ఉంచి పూర్తిగా ఆపినా, బ్యాటరీ అయిపోయినా, తీసినా పోతుంది. అప్పుడు లోడర్ మళ్లీ నొక్కాలి. అంతకుమించిన ఇబ్బంది లేదు. నా అభిప్రాయంలో చాలామందికి ఇదే సరిపోతుంది. శాశ్వతంగా ఉండాలన్న తొందర వల్లే మెషీన్లు పాడవుతాయి.

శాశ్వతంగా కావాలంటే ఐపీఎల్‌లో మార్పు రాయాలి. దీనికి రెండు దారులున్నాయి: ఏఆర్‌కేతో వచ్చే సీఐపీఎల్ ఇన్‌స్టాలర్, డేవీ రాసిన ఇన్ఫినిటీ. రెంటినీ ఒకే మెషీన్ మీద కలపకండి. ఏ మోడల్‌కు ఏది సరిపడుతుందో మీరు దించుకున్న వెర్షన్‌తో వచ్చిన రీడ్‌మీలో చూసి, దాన్నే అనుసరించండి. బ్యాటరీ నిండుగా ఉండాలి, ఛార్జర్ తగిలించి ఉండాలి, లోడర్‌తో అదే ఫర్మ్‌వేర్ కొన్నాళ్లు ఏ తకరారూ లేకుండా నడిచి ఉండాలి. ఇవి మూడూ ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

పండోరా బ్యాటరీ కథ కూడా ఈ బూట్ వరుసకే చెందుతుంది. బ్యాటరీ లోపల ఈఈప్రామ్ అనే చిన్న మెమరీ చిప్‌లో ఒక సీరియల్ నంబర్ ఉంటుంది. ఆ నంబర్‌లోని బిట్లన్నీ 1 అయితే, ప్రీ-ఐపీఎల్ అది సర్వీస్ సెంటర్ బ్యాటరీ అని భావించి, ఫ్లాష్‌ను వదిలేసి మెమరీ స్టిక్ నుంచి బూట్ అవుతుంది. 2007లో ఇది బయటపడ్డాక ఫర్మ్‌వేర్ ఎంత పాడైన పీఎస్పీ అయినా బతికేది. ప్రీ-ఐపీఎల్ సిలికాన్‌లోనే ఉంటుంది కాబట్టి సోనీ దాన్ని అప్‌డేట్‌తో మార్చలేకపోయింది. కొత్త బోర్డుల్లో చిప్పే మార్చింది. 2000 మోడల్‌లో టీఏ-088 మూడో వెర్షన్ బోర్డు నుంచి, 3000 మొత్తంలో మామూలు పండోరా బ్యాటరీ పనిచేయదు. ఏ బోర్డో బయట నుంచి కనపడదు, పీఎస్పీఐడెంట్ అనే హోమ్‌బ్రూ చెబుతుంది. 1000 ఉన్నవాళ్లకు తప్పు దిద్దుకునే దారి ఉంది, 3000 ఉన్నవాళ్లకు అంత సులువుగా లేదు. ఐపీఎల్ జోలికి పోవాలో వద్దో ఈ తేడా చూసి నిర్ణయించుకోవాలి.

ఇన్‌స్టాలర్‌ను ఎక్కణ్నుంచి తెచ్చారన్నదీ ముఖ్యమే. 2005 అక్టోబర్‌లో 2.00ని దించే ప్రోగ్రాం అనే వేషంతో ఒక ట్రోజన్ (మంచి ప్రోగ్రాంలా నటించే హానికర ప్రోగ్రాం) తిరిగింది. నడపగానే ఫ్లాష్‌లోని అవసరమైన ఫైళ్లను చెరిపేసేది. యూట్యూబ్ వీడియో కింద ఎవరో పెట్టిన లింక్‌కు బదులు ప్రాజెక్టు సొంత విడుదల పేజీ నుంచే తీసుకోండి.

ఎర్రర్ వస్తే

80020148 అన్న నంబర్ అన్నిటికంటే ఎక్కువగా కనపడుతుంది. ఈ రకం ప్రోగ్రాంను నడపను అని కెర్నెల్ అంటోంది. సగం సందర్భాల్లో కారణం ఒక్కటే: మెషీన్ పూర్తిగా ఆగి మళ్లీ మొదలైంది, కస్టమ్ ఫర్మ్‌వేర్ ర్యామ్‌లో లేదు. లోడర్ నడిపి మళ్లీ చూడండి. అప్పటికీ వస్తే ఆ హోమ్‌బ్రూ 1.50 కెర్నెల్ కోసం రాసినది అయ్యుండవచ్చు. జిప్‌లో శాతం గుర్తు ఫోల్డర్ గానీ, గేమ్150 అన్న ఫోల్డర్ గానీ ఉంటే అనుమానం తీరినట్టే. దానికి మందు లేదు, అదే ప్రోగ్రాంకు కొత్త వెర్షన్ వెతకాలి.

"కరప్టెడ్ డేటా" అని కనపడితే ముందు ఫోల్డర్ చూడండి. గేమ్ లోపల ప్రోగ్రాం పేరుతో ఒక ఫోల్డర్, దానిలో నేరుగా ఈబూట్ ఉండాలి. జిప్ విప్పినప్పుడు అదే పేరుతో ఫోల్డర్‌లో ఫోల్డర్ ఏర్పడటం మామూలే. విండోస్ ఎక్స్‌టెన్షన్ దాచడం వల్ల ఫైల్ పేరు చివర పీబీపీ రెండుసార్లు పడి ఉండవచ్చు, రెండోసారి డౌన్‌లోడ్ చేస్తే పేరు పక్కన అంకె చేరి ఉండవచ్చు. మ్యాక్ నుంచి కాపీ చేస్తే చుక్కతో మొదలయ్యే దాపుడు ఫైళ్లు కార్డు మీదికి వస్తాయి. ప్రోగ్రాం చక్కగా నడుస్తూనే, దాని పక్కన ఓ కరప్టెడ్ ఐకాన్ కనపడితే కారణం అదే. వాటిని చెరిపేస్తే చాలు.

మెనూ వచ్చేలోపే నిలిచిపోతుంటే ప్లగిన్లను (కస్టమ్ ఫర్మ్‌వేర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములను) అనుమానించండి. మెమరీ స్టిక్ తీసి ఆన్ చేయండి. అప్పుడు వస్తే తప్పు కార్డు మీద ఉంది, కంప్యూటర్‌లో పెట్టి సెప్లగిన్స్ ఫోల్డర్ పేరు మార్చేయండి. ఆర్ బటన్ పట్టుకుని ఆన్ చేస్తే వచ్చే రికవరీ మెనూలోనూ ప్లగిన్లు ఆపవచ్చు.

చట్టం ఏమంటుంది

మీరు కొన్న మెషీన్‌లో మీరు రాసిన ప్రోగ్రాం నడపడం, వేరేవాళ్ల గేమ్‌ను దొంగతనంగా దించుకోవడం ఒకటి కావు. భారత కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షన్, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ ఏర్పాటును ఛేదించడాన్ని నేరం అంటుంది, రెండేళ్ల దాకా జైలు, జరిమానా ఉంటాయి. ఇక్కడ ఉద్దేశం అన్న మాట కీలకం. అమెరికాలోని తెలుగువాళ్లకు వర్తించేది అక్కడి కాపీరైట్ చట్టం డీఎంసీఏ, అది తాళం ఛేదించడాన్నే ఇంకా కఠినంగా చూస్తుంది. హోమ్‌బ్రూ కోసం శ్రమించినవాళ్లలో చాలామంది పైరసీకి దూరంగా ఉన్నారు. హాఫ్ బైట్ లోడర్‌ను అయితే గేమ్ ఐఎస్ఓలు (గేమ్ డిస్కుల నకలు ఫైళ్లు) నడవకుండానే తయారుచేశారు.

సొంత ప్రోగ్రాం, అందులో తెలుగు

కస్టమ్ ఫర్మ్‌వేర్ నడుస్తున్న పీఎస్పీ ఒక చక్కటి పాఠశాల. ప్రోగ్రాములు తయారుచేసే పరికరాల మూట పీఎస్పీడెవ్ టూల్‌చెయిన్ ఉచితం, లినక్స్‌లోనూ, మ్యాక్‌లోనూ, విండోస్‌లో డబ్ల్యూఎస్ఎల్ మీదా పనిచేస్తుంది. సీలో రాసి సీమేక్‌తో బిల్డ్ చేస్తే ఈబూట్ ఫైలే చేతికొస్తుంది. మొదటి ప్రోగ్రాంలోనే ఎగ్జిట్ కాల్‌బ్యాక్ (బయటకు రమ్మన్నప్పుడు నడిచే కోడ్) రాయండి. లేకపోతే హోమ్ బటన్ నొక్కినా బయటకు రాలేరు, స్విచ్ పట్టి ఆపాల్సి వస్తుంది, లోడర్‌తో వేసిన ఫర్మ్‌వేర్ కూడా దాంతోపాటే పోతుంది. 24 ఎంబీ సరిపోని ప్రోగ్రాం అయితే పారామ్ ఫైల్‌లో మెమ్‌సైజ్ విలువ 1 అని పెడితే 64 ఎంబీ మోడళ్లలో అదనపు ర్యామ్ దొరుకుతుంది. అదే ప్రోగ్రాం 1000 మీద మొదలయ్యాక మెమరీ చాలక పడిపోవచ్చు. ఎవరికైనా పంచేముందు రెంటి మీదా నడిపి చూడాలి.

తెలుగు అక్షరాలు చూపించాలంటే వేరే పని ఉంది. పీఎస్పీ ఫ్లాష్‌లో ఉన్న పీజీఎఫ్ ఫాంట్లు లాటిన్, జపనీస్, కొరియన్ లిపులవి. తెలుగు లేదు. పాటకో ఫొటోకో తెలుగులో పేరు పెట్టి కార్డు మీద వేస్తే మెనూలో అక్షరాలు కనపడవు, అందుకే ఫైళ్ల పేర్లు ఇంగ్లీషు లిపిలో పెట్టుకోవాలి. సొంత ప్రోగ్రాంలో తెలుగు ఫాంట్ చేర్చినంత మాత్రాన కూడా సరిపోదు. గుణింతాలూ ఒత్తులూ ఒకదానిమీద ఒకటి, ఒకదాని కింద ఒకటి సరైన చోట కూర్చోవాలి. "లక్ష్మి" అన్న పేరులో అరసున్నంత తేడా వచ్చినా అక్షరం విరిగిపోతుంది. ఆ అమరిక లెక్కలు చేసే హార్ఫ్‌బజ్ లాంటి లైబ్రరీని పీఎస్పీలోకి తేవడం కన్నా, కావలసిన వాక్యాలను కంప్యూటర్‌లోనే బొమ్మలుగా మార్చి ప్రోగ్రాంతో ఇవ్వడం తేలిక.

ఆ బొమ్మల సైజు ముందే లెక్కేసుకోవాలి. పీఎస్పీ గ్రాఫిక్స్ చిప్ ఒక టెక్స్చర్‌ను (తెర మీద అతికించే బొమ్మను) 512×512 దాకానే తీసుకుంటుంది, వెడల్పూ ఎత్తూ 128, 256 లాగా 2కు ఘాతాలై ఉండాలి. వీడియో మెమరీ 2 ఎంబీ. 480×272 తెరకు పిక్సెల్‌కు 32 బిట్లతో రెండు ఫ్రేమ్ బఫర్లు (తెర మీద చూపే చిత్రాన్ని దాచుకునే చోట్లు) పెట్టుకుంటే, ఒక్కో వరుసకు 512 పిక్సెళ్ల చొప్పున 1088 కేబీ అక్కడే ఖర్చవుతుంది, మిగిలేది 960 కేబీ. 32 బిట్ల 512×512 అక్షరాల పలక ఒక్కటే 1024 కేబీ, అంటే అందులో పట్టదు. అదే పలకను 16 రంగుల ప్యాలెట్‌తో, పిక్సెల్‌కు 4 బిట్లుగా దాస్తే 128 కేబీ అవుతుంది. అంచులు నునుపుగా కనపడటానికి 16 ఛాయలు ధారాళంగా సరిపోతాయి. అలాంటి పలకలు ఏడు ఒకేసారి వీడియో మెమరీలో పడతాయి, పిల్లల కథల పుస్తకంలో ఒక అధ్యాయం వాక్యాలన్నిటికీ ఆ చోటు చాలు.